యాత్ర నుంచి సన్నిధికి

క్రైస్తవ విశ్వాసి జీవితంలో ప్రార్థన పూర్తిగా ఆగిపోవడం అరుదు. ఆదివారపు ఆరాధనకు వెళ్లడం, కుటుంబ ప్రార్థనలో గొంతు కలపడం, శ్రమల కాలంలో ఉపవాసముండడం యథావిధిగా సాగుతూనే ఉంటాయి, వాటి వెనుక ఉండవలసిన ఆకలి మాత్రం ఎప్పుడు సన్నగిల్లిందో తెలియకుండానే సన్నగిల్లిపోతుంది. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారులలో జీవించిన సన్యాసులు ఈ స్థితిని నిశితంగా గమనించి, దానికి గ్రీకు భాషలో అకీడియా అని పేరు పెట్టారు. శ్రద్ధ ఇంకిపోవడం, చేస్తున్న పని మీద విసుగు పుట్టడం, ఉన్నచోట నిలవలేకపోవడం కలగలిసిన ఆత్మీయ అలసట అది. 399లో మరణించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి దానిని వర్ణించిన తీరు నేటికీ కొత్తగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వేళకు సూర్యుడు కదలనట్టు తోస్తాడని, పగలు యాభై గంటలంత పొడవుగా అనిపిస్తుందని, సన్యాసి భోజన వేళ అయిందేమోనని పదేపదే ఎండ వంక చూస్తాడని, ఎవరైనా సహోదరుడు వస్తున్నాడేమోనని బయటికి తొంగి చూస్తాడని, చివరికి ఈ చోటు తనకు సరిపడదని, మరో చోటికి వెళితే దేవుడికి దగ్గర కాగలనని తలపోస్తాడని ఆయన రాశాడు. ప్రార్థన మధ్యలో ఫోన్ వైపు చెయ్యి చాచే నేటి విశ్వాసి ఆ వర్ణనలో తనను తాను తేలికగానే గుర్తుపట్టగలడు.

ఈ అలసటకు క్రైస్తవ సంప్రదాయం అనేక శతాబ్దాలుగా సూచిస్తూ వచ్చిన మూడు సాధనాలు యాత్ర, ప్రకృతి, మౌన ధ్యానం. అయితే ఎవాగ్రియస్ వర్ణనను జాగ్రత్తగా చదివితే ఒక చిక్కు కనిపిస్తుంది: మరో చోటికి పోవాలన్న తహతహ కూడా రోగ లక్షణమే అయినప్పుడు, యాత్ర దానికి మందు ఎలా అవుతుంది? ఈ ప్రశ్నను దాటవేసి యాత్రల గొప్పతనాన్ని మాత్రమే చెప్పే పుస్తకాలు పాఠకునికి మేలు చేయవు. ఉన్నచోట దేవుని ఎదుట నిలవడం నేర్పే యాత్ర మాత్రమే విశ్వాసిని నూతనపరుస్తుందని, ఆ నిలకడ నేర్పని యాత్ర ఎంత పవిత్ర స్థలానికి సాగినా విహారయాత్రగానే మిగులుతుందని ఈ అధ్యాయం వాదిస్తుంది. మూడు సాధనాలను విడివిడి మార్గాలుగా కాక, నడక కంటిని తెరుస్తుందని, తెరుచుకున్న కన్ను మౌనానికి దారి చూపుతుందని, అసలు పని ఆ మౌనంలోనే జరుగుతుందని వరుసలో అర్థం చేసుకోవడం అవసరం.

యాత్ర పట్ల సందేహం క్రైస్తవ్యంలో కొత్తది కాదు. నాలుగో శతాబ్దపు వేదాంతి, నిస్సా నగర బిషప్ గ్రెగరీ స్వయంగా యెరూషలేము చూసి వచ్చిన తర్వాత రాసిన ఒక లేఖలో, చోటు మారినంత మాత్రాన దేవుడు మరింత దగ్గర కాడని, దుష్ట తలంపులతో నిండిన హృదయం గొల్గొతా మీద నిలబడినా క్రీస్తుకు దూరంగానే ఉంటుందని హెచ్చరించాడు. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో సమరయ స్త్రీతో యేసు జరిపిన సంభాషణ కూడా ఆరాధనను ఏదో ఒక కొండకు కట్టివేయడాన్ని తోసిపుచ్చుతుంది కాబట్టి, స్థలానికి విశేష పవిత్రత ఆపాదించడాన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు అనుమానించడంలో న్యాయముంది. అదే సమయంలో, కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్ర కీర్తనలు యెరూషలేముకు ఎక్కి వెళ్లే ప్రజల నోట నిలిచిన సంగతి, యేసు తల్లిదండ్రులు ఏటా పస్కా పండుగకు ఆ నగరానికి ప్రయాణించేవారని లూకా చెప్పిన సంగతి, పునరుత్థానుడైన క్రీస్తు ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులతో కలిసి నడిచిన సంగతి కూడా వాక్యంలోనివే. ఈ రెంటినీ కలిపి చూస్తే తేలేది ఇది: గమ్యస్థానంలో దేవుడు ఎక్కువగా ఉంటాడని యాత్రికుడు నమ్మనక్కరలేదు, ఇంట్లో ఉండగా తాను ఆయనకు ఇవ్వలేకపోతున్న ధ్యాసను దారిలో ఇవ్వగలడని ఒప్పుకుంటే చాలు.

ఆ ధ్యాసను ఎలా ఇవ్వాలో చూపిన తొలి యాత్రికులలో ఎగీరియా అనే స్త్రీ ఒకరు. ఐరోపా పశ్చిమ ప్రాంతం నుంచి బయలుదేరి 381-384 మధ్య సీనాయి, యెరూషలేము, ఇతర బైబిలు స్థలాలను దర్శించిన ఆమె, తన తోటి సహోదరీల కోసం రాసిన యాత్రా వృత్తాంతంలో కొంత భాగం 1884లో ఇటలీలోని అరెజ్జో పట్టణంలో బయటపడింది. ప్రతి స్థలంలోనూ తన బృందం పాటించిన ఒక క్రమాన్ని ఆమె అందులో పేర్కొంది: ముందు ప్రార్థన, ఆ తర్వాత ఆ స్థలానికి సంబంధించిన వాక్య భాగం చదవడం, దానికి తగిన ఒక కీర్తన, మళ్లీ ప్రార్థన. ఈ క్రమంలో స్థలం వాక్యాన్ని వినడానికి సాయపడుతుందే తప్ప వాక్యం స్థానాన్ని ఆక్రమించదు. అందువల్ల యాత్రను అనుమానించే ప్రొటెస్టెంట్ విశ్వాసి కూడా దీనిని నిస్సంకోచంగా అనుసరించవచ్చు. పదహారు శతాబ్దాల తర్వాత కూడా దీనికన్నా సరళమైన, దీనికన్నా భద్రమైన యాత్రా విధానం మరొకటి దొరకడం కష్టం.

తెలుగు విశ్వాసి ఈ క్రమాన్ని పాటించడానికి సముద్రాలు దాటనవసరం లేదు. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక సహాయ పథకాన్ని అమలు చేసినందువల్ల ఆ కోరిక సామాన్య కుటుంబాలలోనూ బలపడింది, అది సంతోషించదగినదే. కాని దగ్గరి చోట ధ్యాస నిలపడం నేర్వని వ్యక్తికి దూరపు చోటు ఫొటోలను మాత్రమే ఇస్తుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు పీడించిన కాలంలో చుట్టుపక్కల పల్లెల ప్రజలకు పనీ తిండీ కల్పిస్తూ సాగిన నిర్మాణమది. క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం చిత్రించిన మూడు రంగుటద్దాల కిటికీలు అందులో ఉన్నాయి. బయటి వెలుగు ఉన్నంతసేపే అవి కంటికి పూర్తిగా కనిపిస్తాయి. అక్కడికి వెళ్లిన చాలామంది వాటి ఎదుట రెండు నిమిషాలు నిలబడి ముందుకు కదులుతారు. ఎగీరియా క్రమాన్ని పాటించే యాత్రికుడు మొదటి కిటికీ ఎదుట లూకా సువార్త రెండో అధ్యాయాన్ని, రెండోదాని ఎదుట అదే సువార్త ఇరవై మూడో అధ్యాయాన్ని, మూడోదాని ఎదుట అపొస్తలుల కార్యాల మొదటి అధ్యాయాన్ని చదివి, ఒక్కొక్క చోట తగిన సమయం కూర్చుని, గొంతెత్తకుండా ప్రార్థించి లేవాలి. అలా చేస్తే ఒక పూట చాలదు, చాలకపోవడమే మంచిది.

విజయవాడలోని గుణదల మాత పుణ్యక్షేత్రం మరో విధమైన ఉదాహరణ. 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత స్వరూపాన్ని అక్కడ నెలకొల్పిన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన ఆ క్షేత్రంలో, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే ఉత్సవాలకు లక్షల మంది వస్తారు. తలనీలాలు సమర్పించడం, కొబ్బరికాయలు కొట్టడం, మొక్కులు తీర్చుకుంటూ కొండ ఎక్కడం అక్కడి భక్తిలో భాగమైపోయాయి, క్రైస్తవేతరులు కూడా పెద్ద సంఖ్యలో పాల్గొంటారు. ఉత్సవ దినాలలోని జనసందోహం విశ్వాసికి తాను ఒంటరి కానని గుర్తు చేస్తుంది, దాని విలువ దానిదే. మౌనం కోరే వ్యక్తి మాత్రం ఉత్సవాలు ముగిసిన తర్వాత ఏదో ఒక మామూలు పనిరోజున, ఎండ ముదరకముందే, జపమాలతోనో సిలువ మార్గపు ధ్యానంతోనో కొండ ఎక్కడం మేలు. ఒకే స్థలానికి పండుగనాడు సంఘంతోను, మామూలు రోజున ఒంటరిగాను వెళ్లడం అలవాటు చేసుకున్న భక్తుడు ఆ స్థలాన్ని నిజంగా తన స్థలంగా చేసుకుంటాడు.

యాత్రకు ముందు చేయవలసిన పనుల విషయంలో మధ్యయుగపు ఐరోపా క్రైస్తవులు నేటివారి కన్నా ఎక్కువ శ్రద్ధ చూపారు. దూరయాత్రకు బయలుదేరే వ్యక్తి అప్పులు తీర్చడం, అన్యాయం చేసినవారికి నష్టపరిహారం ఇవ్వడం, తగాదాపడినవారితో సమాధానపడడం, వీలునామా రాయడం ఆనాటి ఆచారం. తిరిగి వస్తామో లేదో తెలియని ప్రయాణం కావడం దానికి ఒక కారణమైనా, దాని ఆత్మీయ తర్కం నేటికీ చెల్లుతుంది: తోబుట్టువుతో ఆస్తి వివాదాన్ని, సంఘంలో ఒకరితో మాటలు మానేసిన సంగతిని అలాగే వదిలి బయలుదేరినవాడు ఆ బరువును మోసుకునే వెళతాడు. అప్పు చేసి యాత్ర చేయడం, ఇంట్లో రోగిని పట్టించుకోకుండా యాత్ర చేయడం ఏ విధంగానూ సమర్థనీయం కావు. నడక విషయానికి వస్తే, స్పెయిన్‌లోని సాంతియాగో దె కాంపొస్తెలా క్షేత్రంలో యాత్రా ధ్రువపత్రం పొందాలంటే చివరి 100 కిలోమీటర్లయినా కాలినడకన, లేదా 200 కిలోమీటర్లు సైకిల్‌పై రావాలన్న నియమం ఉంది. ఆ దూరం అందరికీ సాధ్యం కాకపోయినా, గమ్యానికి ముందు ఒకటి రెండు కిలోమీటర్లయినా వాహనం దిగి, మాటలు మాని నడవడం ఎవరికైనా సాధ్యమే. కాళ్ల వేగానికి తగ్గినప్పుడే మనసు చుట్టూ ఉన్నదాన్ని చూడడం మొదలుపెడుతుంది.

చుట్టూ ఉన్నదాన్ని చూడడం ప్రార్థనలో భాగమా అన్న అనుమానం చాలామంది విశ్వాసులకు ఉంటుంది. సృష్టిని చూస్తూ కూర్చోవడం సృష్టి పూజకు దారితీస్తుందేమోనన్న భయం దాని వెనుక ఉంది. ఈ భయానికి వాక్యమే సమాధానమిస్తుంది. 104వ కీర్తన ఊటలను, గడ్డిని, గూళ్లు కట్టే పక్షులను, కొండమేకలను, చంద్రుణ్ణి, వేటకు గర్జించే సింహాలను వరుసగా చెప్పుకుంటూ పోయి, వాటి మధ్య ఎక్కడో సాయంకాలం వరకు పనిచేయడానికి బయలుదేరే మనిషిని ప్రస్తావించి, మళ్లీ సముద్రం వైపు సాగిపోతుంది. మనిషి అక్కడ సృష్టి కేంద్రంలో లేడు, దేవుని చేతి నుంచి ఆహారం అందుకునే ప్రాణులలో ఒకడిగా ఉన్నాడు. యోబు గ్రంథంలోనైతే ఇది ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. బిడ్డలను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని కారణం అడిగిన మనిషికి, 38 నుంచి 41 వరకు ఉన్న నాలుగు అధ్యాయాలలో దేవుడు కారణం చెప్పడు; మంచు గిడ్డంగులను, అడవి గాడిదను, నిప్పుకోడిని, గద్దను చూపిస్తాడు. తన బాధ ఒక్కటే ప్రపంచమైపోయిన మనిషికి ప్రపంచం ఎంత పెద్దదో చూపించడమే అక్కడ జరిగిన స్వస్థత. దుఃఖంలో ఉన్న విశ్వాసికి ఉపదేశాల కన్నా నదీతీరంలో ఒక గంట ఎందుకు ఎక్కువ ఆదరణ ఇస్తుందో ఈ అధ్యాయాలు వివరిస్తాయి.

అస్సీసీ ఫ్రాన్సిస్ జీవితం కూడా ప్రకృతి ధ్యానం సుఖవంతుల వ్యాపకం కాదని నిరూపిస్తుంది. సూర్యుణ్ణి సోదరుడిగా, నీటిని సోదరిగా సంబోధిస్తూ దేవుణ్ణి స్తుతించే ఆయన సృష్టి గీతం 1225లో, మరణానికి సుమారు ఏడాది ముందు, కంటి జబ్బుతో పగటి వెలుగును కూడా భరించలేని స్థితిలో పుట్టింది. చూడలేకపోతున్న సూర్యుని కోసం ఆయన కృతజ్ఞత చెప్పగలిగాడంటే, అంతకుముందు అనేక సంవత్సరాలు చూస్తూ కృతజ్ఞత చెప్పడం అలవాటు చేసుకున్నాడు కాబట్టే. అందువల్ల ఈ సాధనలో దృశ్యం ఎంత అందమైనదన్నది ముఖ్యం కాదు. కృష్ణా గోదావరుల ఒడ్డో, ఊరి చెరువు కట్టో, అపార్ట్‌మెంటు ఆవరణలోని వేపచెట్టో ఏదైనా సరిపోతుంది. ఒకే చోటికి, ఒకే వేళకు, వారాల తరబడి వెళ్లడం ముఖ్యం. ఫోన్ ఇంట్లో వదిలి, కూర్చుని, మొదటి పది నిమిషాలు ఏమీ అడగకుండా కేవలం చూడాలి, వినాలి. చూసిన వాటిలో ఒక్కదాన్ని, ఒక ఆకునో, ఒక కొంగనో, ఎంచుకుని దానిని చేసినవానికి దాని కోసం కృతజ్ఞత చెప్పాలి. చివర 104వ కీర్తనను నెమ్మదిగా చదవాలి. ఫొటో తీయకూడదు, ఎందుకంటే ఫొటో తీసిన మరుక్షణం ధ్యాస దాన్ని చూడబోయే మనుషుల వైపు మళ్లుతుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ చెరువులోకి ఎవరో చెత్త వేస్తున్నారని, ఆ చెట్టుకు నీరు అందడం లేదని సాధకుడికి కనిపిస్తుంది. అలా కనిపించినప్పుడు చేయగలిగినది చేయడం కూడా ఈ ప్రార్థనలో భాగమే.

నడకా ప్రకృతీ కలిసి మనిషిని మౌనపు గుమ్మం దాకా తీసుకురాగలవు. ఆ గుమ్మం దాటడానికి క్రైస్తవ సంప్రదాయంలో బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి లెక్సియో దివీనా, అంటే పవిత్ర పఠనం. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని కార్తూసియన్ మఠాధిపతి రెండో గీగో దీనిని నాలుగు మెట్లుగా వివరించి, భోజనంతో పోల్చాడు: పఠనం ముద్దను నోటికి అందిస్తుంది, మననం దానిని నములుతుంది, ప్రార్థన దాని రుచిని పట్టుకుంటుంది, చివరి మెట్టు అయిన మౌన ధ్యానం ఆ తీపిని అనుభవిస్తూ ఉండిపోవడం. ఆచరణలో ఐదారు వచనాల చిన్న భాగాన్ని ఎంచుకుని, రెండు మూడుసార్లు పైకి చదివి, హృదయాన్ని తాకిన ఒక మాట దగ్గర ఆగి, దానిని మననం చేసి, దాని గురించి దేవునితో మాట్లాడి, ఆ తర్వాత మాటలు కూడా విడిచి ఆయన ఎదుట ఊరకే ఉండాలి. మనసు చెదిరిన ప్రతిసారీ ఆ మాటను మెల్లగా గుర్తు చేసుకుంటే సరిపోతుంది; చెదిరినందుకు తనను తాను నిందించుకోవడం మరో చెదరడమే అవుతుంది. ధ్యానం అన్యమతపు ఆచారమని భావించి దీనికి జంకేవారు, దివారాత్రములు ధ్యానించే మనిషిని ధన్యుడిగా చెప్పే మొదటి కీర్తనను గమనించాలి. ఇక్కడి మౌనం శూన్యం కోసం కాదు, మాట్లాడిన దేవుని మాట కోసం.

తెలుగు సంఘాలకు ఈ మౌనం దిగుమతి సరుకు కూడా కాదు. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దైవ సాన్నిధ్యంలో మౌనంగా కనిపెట్టుకుని ఉండడాన్ని, అంటే దేవుని కోసం ఓపికగా ఎదురుచూడడాన్ని, విశ్వాసులకు నిత్య సాధనగా బోధించారు. తెలుగు క్రైస్తవ ఆరాధనలో పాట ఉంది, ప్రసంగం ఉంది, కన్నీటి ప్రార్థన ఉంది. లౌడ్‌స్పీకర్లు పెరిగిన కొద్దీ ఈ కనిపెట్టడం మాత్రం తరిగిపోతోంది. ఒక ఉపవాస కూటంలో పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, కీబోర్డు కూడా మోగకుండా ఉండగలగడం సంఘ ఆరోగ్యానికి మంచి గుర్తు అవుతుంది. కాపరులు దీనిని ప్రయత్నించి చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఏలీయా కథ ఈ మూడు సాధనాలను ఒకే వరుసలో చూపిస్తుంది. ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకునేంత అలసిన ప్రవక్తకు దూత మొదట ఉపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చి, రెండుసార్లు భోజనం పెట్టాడు. ఆ తర్వాతే నలభై దినాల నడక, హోరేబు కొండ, గాలి, భూకంపం, అగ్ని, అన్నిటి చివర నిమ్మళమైన స్వరం. ఆత్మీయ శుష్కత అనుకునేది కొన్నిసార్లు నిద్రలేమి, రక్తహీనత, పని ఒత్తిడి మాత్రమే కావచ్చని ఈ క్రమం హెచ్చరిస్తుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉన్నప్పుడు దీర్ఘ మౌనాన్ని వెంటనే మొదలుపెట్టకుండా వైద్యుణ్ణి కలవడం విశ్వాస లోపం కాదు. అలాగే రోజుల తరబడి సాగే ఏకాంత ధ్యానాన్ని అనుభవమున్న గురువు తోడు లేకుండా చేయడం మంచిది కాదు. ఇగ్నేషియస్ లొయోలా 1548లో అచ్చయిన తన ఆత్మీయ సాధనలను, సుమారు ముప్పై దినాల ధ్యాన క్రమాన్ని, ఒక మార్గదర్శి చేతికి అందే విధంగానే రూపొందించాడు.

ఏలీయా కథలో చాలామంది దాటవేసే భాగం ఆ స్వరం తర్వాత వచ్చేది. దేవుడు అతణ్ణి కొండ మీద ఉంచలేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్లమని, ఇద్దరు రాజులను, తన తర్వాతి ప్రవక్తను అభిషేకించమని పనులు అప్పగించాడు. కాబట్టి యాత్ర ఫలించిందా లేదా అన్నది అక్కడ కలిగిన ఉద్వేగంతో కొలవకూడదు. ఇంటికి వచ్చిన నెల తర్వాత కోపం తగ్గిందా, క్షమాపణ అడగడం సులభమైందా, రోజుకు ఇరవై నిమిషాల మౌనం నిలిచిందా అని చూడాలి. రాత్రి పడుకునే ముందు ఆ రోజులో దేవుని దయ ఎక్కడ కనిపించిందో, ఎక్కడ తాను దానికి ఎదురుతిరిగాడో కాసేపు తరచి చూసుకునే ఇగ్నేషియస్ పద్ధతి ఈ పరీక్షకు బాగా ఉపకరిస్తుంది.

దూరయాత్రకు డబ్బు కూడేదాకా పాఠకులు ఆగనవసరం లేదు. రాబోయే నెలలో ఒక రోజును ఎంచుకుని, ఇంట్లోవారికి ముందుగానే చెప్పి, దగ్గరలోని ఒక పాత చర్చినో క్షేత్రాన్నో గమ్యంగా పెట్టుకుని, బైబిలు, మంచినీళ్లు మాత్రమే వెంట తీసుకుని, చివరి దూరం నడిచి వెళ్లాలి. బయలుదేరే ముందు సమాధానపడవలసిన వ్యక్తి ఎవరైనా ఉంటే, మొదట అక్కడికి వెళ్లాలి.